బీరకాయ పథ్యం, బోజొలే సీసా

యానాంలో పాస్కల్ మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరు ప్రశ్న వేసినా, ముందు అన్నం తిన్నావా అని అడిగేవారు. జవాబు ఆ తర్వాతే. వైన్ నోట్లో పోసుకుని, తమ్మపడిగలో ఉమ్మేసి, అందులో ఏమేం రుచులున్నాయో చెప్పడం ఆయన నేర్పే విద్య. ఊళ్ళో గిట్టనివాళ్ళు దాన్ని ఉమ్మి చదువు అనేవారు. విని మాస్టారు కూడా నవ్వేవారు.

నూకరత్నం ఆయన దగ్గర చేరి ఏడాది కావస్తోంది. ముదురు వైన్ల గుట్టు ఇట్టే పట్టేది. ఏనుగు పోయి తోక చిక్కినట్టు, బోజొలే అనే తేలిక ఎర్ర వైన్ దగ్గర చతికిలపడేది. పాండిచ్చేరి హోటల్‌వాళ్ళు మర్నాడు దాని మీదే పరీక్ష పెడతామన్నారు. నెగ్గితే ఉద్యోగం, లేదంటే మళ్ళీ అన్నగారి చేపల దుకాణం. పరీక్షకు ముందురోజు ఉదయం ఎంత పుక్కిలించినా ఆమెకు రంగునీళ్ళే తగిలాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకేం తెలీట్లేదండి మాస్టారూ. నా నాలుకే మొద్దేమోనండి," అంది.

మాస్టారు అన్నానికి రమ్మన్నారు.

ఆయన భార్య ఎలీజమ్మ జ్వరం నుంచి లేచి పథ్యం మీద ఉంది. పథ్యం ఒకరికైనా ఆ ఇంట్లో ఇద్దరూ అదే తినేవారు. పెళ్ళినాటి నుంచీ మాస్టారి పద్ధతి అది. ఆ పూట వంట ఆయనదే. మెత్తటి అన్నం, కారం లేని బీరకాయ కూర, కాస్త నెయ్యి. ఇంటికొచ్చిన పిల్లకు ఇదేం తిండని ఎలీజమ్మ నొచ్చుకుని, ఆవకాయ జాడీ తెమ్మంది. ఆవకాయ లేనిదే నూకరత్నానికి ముద్ద దిగదు. అయినా ముసలాయన భార్య కోసం చప్పిడి తింటుంటే, ఎదురుగా కూర్చుని ఎర్రగా కలుపుకోవడానికి మనసొప్పలేదు. వద్దంది.

మొదటి ముద్దలు బలవంతంగా మింగింది. ఇంతలో ఎలీజమ్మ భర్తతో, "ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైందండీ," అంది. ఆ రవ్వ కోసం వెతుక్కుంటూ నూకరత్నం మెల్లగా నమిలింది. ఉప్పు దొరికింది. దాని వెనక నెయ్యి, ఆ వెనక బీరకాయ తీపి. బీరకాయకు ఒక రుచంటూ ఉందని పుట్టి బుద్ధెరిగాక అదే తెలియడం.

మాస్టారు లేచి, తడిగుడ్డ చుట్టిన పొద్దుటి బోజొలే సీసానే తెచ్చి గ్లాసులో కొంచెం పోశారు. ఆమె నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది. నేరేడు పండు. మగ్గీ మగ్గని అరటి వాసన. చివర్న తగిలీ తగలని మిరియం. ఉమ్మాలన్న సంగతే మరిచి మింగేసింది.

ఎలీజమ్మ ఫక్కున నవ్వింది. నూకరత్నం సిగ్గుపడుతూనే, పొద్దున ఇవన్నీ ఎక్కడికి పోయాయని అడిగింది.

"నీ నాలుకకి చెవుడేం లేదమ్మా," అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ ఆవకాయలూ కారాలూ దానితో అరిచే మాట్లాడాయి."