వీపు మీద ఎర్రమన్ను

అడవి అంచున ఒక గొర్రెల మంద ఉండేది. చుట్టూ ముళ్లకంప, లోపలికి ఒకటే దారి, ఆ దారికి వీరడనే కుక్క కాపలా. వాగు దగ్గర పక్క మంద కలిసిపోయి, సాయంత్రం ఎవరి పిల్లలో లోపలికొచ్చి ఎవరి పాలో తాగేస్తుండేవి. తల్లులు ఒక్కో పిల్లనూ వాసన చూసి తేల్చేసరికి వీరడికి తిండి వేళ దాటిపోయేది.

"ఇంత తంటా ఎందుకు అల్లుడూ?" అంది కంప బయటి నుంచి నక్క. "మీ పిల్లల వీపున ఎర్రమన్ను పూయండి. మన్ను ఉంటే మీది, లేకపోతే కాదు. అంతే!"

నక్క చెబితే వినే కుక్కను ఏమనాలి చెప్పండి! వీరడు తెగ సంబరపడ్డాడు. అందరికన్నా ముందు తలూపింది పోలి అనే గొర్రె.

"అదే మేలు తమ్ముడూ. పరాయి పిల్లలు పీల్చేస్తుంటే నా బిడ్డకు చుక్క మిగలట్లేదు." పాపం, దాని బాధ దానిది. మర్నాటికల్లా మంద పిల్లలన్నిటి వీపునా ఎర్రమన్ను పడింది.

ప్రోగ్రాములు రాసేవాళ్లూ ఇంతే. రెండు ఆబ్జెక్టులు, అంటే యంత్రంలో దాచిన వివరాల మూటలు, ఒకటేనా అని తేల్చడానికి ఒక షరతు రాసిపెడతారు. ఆ షరతులో పెట్టిన విలువ మారిందో, పొద్దుటి ఆబ్జెక్టునే పట్టుకుని యంత్రం "నువ్వెవరు?" అంటుంది. వీరడూ ఆ బాపతే.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మంద లోపలికి చేరాక జడివాన పట్టుకుంది. వెనకబడిపోయిన పోలి బిడ్డ తడిసి ముద్దై వచ్చింది. వీపు తెల్లగా ఉంది.

"గుర్తేది?" అన్నాడు వీరడు.

"నేనే మామా! పొద్దున నీ ముందు నుంచే కదా వెళ్లాను."

"గుర్తు లేదు. మావాడివి కాదు, పో."

పోలి పరుగున వచ్చి కంపలోంచి మూతి దూర్చింది. ముళ్లు గీరుకుంటున్నా బిడ్డ వాసన చూసింది.

"నా బిడ్డే తమ్ముడూ! నీ కాళ్లు మొక్కుతా, దారి వదులు."

"నీ బిడ్డకు మన్ను ఉండాలిగా అక్కా?"

"వానకు పోయిందయ్యా!"

"ఏమో, అదంతా నాకు తెలీదు. ఇవాళ దీన్ని వదిలితే రేపు పక్క మంద మొత్తం తడిసొచ్చి ఇదే మాట చెబుతుంది."

"ఈ పద్ధతికి ముందు ఒప్పుకున్నది నువ్వే కదే?" అని గొణిగింది ఒక ముసలి గొర్రె. పోలి మళ్లీ కంపలోంచి మూతి దూర్చింది.

"అమ్మా! అమ్మా!" అంటూ పిల్ల కంప చుట్టూ తిరిగింది. పొదలోంచి నక్క లేచింది.

"రా నాయనా. నాకు గుర్తూ గిర్తూ అక్కర్లేదు."

తెల్లారి వాన వెలిసింది. వీరడు దారి వదలగానే పోలి బయటికి ఉరికి, బురదలో మూతి ఆనించి వెతుక్కుంటూ పోయింది. ఒకచోట నెత్తురంటిన ఉన్ని దగ్గర ఆగిపోయింది. వీరడు దగ్గరికొచ్చి తనూ వాసన చూశాడు. తల దించుకున్నాడు.

"నిజమేనక్కా," అన్నాడు. "నీ బిడ్డే."

నీతి: కడిగితే పోయేదాన్ని చూసి, ఎవరు ఎవరో తేల్చకూడదు.