మంగతాయారు పిల్లులు, చిదంబరం తోక

కాలవ గట్టు మీద, కొబ్బరిచెట్ల వరస దాటాక, ఓ తాటాకు పాకలో మంగతాయారు అనే గేదె కాపురం ఉండేది. ఆవిడ రెండు పిల్లుల్ని పెంచుకునేది. గేదె పిల్లుల్ని పెంచుకోవడమేమిటని అడక్కండి. మనుషులు పెంచుకుంటే ముద్దు, గేదె పెంచుకుంటే వింతా? ఆవిడకి పాలున్నాయి, వాటికి నోళ్ళున్నాయి, అలా కుదిరింది. తెల్లదాని పేరు మీగడ. ఎర్రదాని పేరు ఆవకాయ. రెండిటినీ ఎంత గారాబం చేసిందంటే, వేలెడంత ఎండు చేపల్ని, ఆ మెత్తళ్ళని కూడా తలా తోకా తుంచి నోటికందిస్తే గానీ తినేవి కావు. దారిలో ఎలుక కనబడితే అవే పక్కకి జరిగి, పోనీలే పాపమని దానికి దారిచ్చేవి.

మంగతాయారుకి పుట్టి బుద్ధెరిగాక ఒక్కటే కోరిక. కొల్లేట్లో మెడ దాకా మునగాలి. పాక ముందున్న కాలవ బొత్తిగా ఇరుకు. పొద్దున ఒంట్లో ముందు సగం, సాయంత్రం వెనక సగం నానబెట్టుకుని సరిపెట్టుకునేది. ఒళ్ళంతా ఒకేసారి చల్లబడితే ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు. ఈ ఏడు వానలు బాగా పడి కొల్లేరు నిండుగా ఉందని కొంగలు చెప్పిపోయిన దగ్గర్నుంచీ ఆవిడకి గడ్డి సయించడం లేదు.

"వెళ్ళిరా అమ్మా, ఎన్నాళ్ళని ఇలా సగం సగం మునుగుతావు?" అంది మీగడ.

"వెళ్తే వెళ్ళావు గానీ, మాకు మెత్తళ్ళు ఎవరు తుంచి పెడతారు?" అంది ఆవకాయ.

చిక్కంతా అక్కడే వచ్చింది. బుట్టెడు మెత్తళ్ళు ఉట్టి మీద ఉన్నాయి, నిజమే. దించి, తుంచి, బతిమాలి తినిపించే దిక్కు లేకపోతే ఆ బుట్ట కిందే కూర్చుని రెండూ ఆకలితో చస్తాయి. ఏం చెయ్యాలో పాలుపోక, మంగతాయారు ఆ పూట వాటికి పాలు పొయ్యడం కూడా మర్చిపోయింది.

తను వచ్చేదాకా పిల్లుల్ని చూసుకుంటావా అని ముందు గట్టు దిగువనున్న కుక్క పోలయ్యని అడిగింది.

"నాకేం అభ్యంతరం లేదు వదినా. మీ పిల్లులంటే నాకెంతో గౌరవం. కానీ అవి పరిగెత్తాయంటే నా కాళ్ళు నా మాట వినవు. తరిమినందుకు తరవాత కుమిలిపోతాను, అన్నం కూడా మానేస్తాను. కానీ ముందు మాత్రం తరుముతాను" అన్నాడు పోలయ్య. అబద్ధమాడటం చేతకాని కుక్క.

తరవాత తాబేలు కూర్మయ్య సరేనన్నాడు. పనితనం చూద్దామని ఒక మెత్తల్ని ఆయన నోటికిచ్చి, నాలుగు బారల దూరంలో ఉన్న పళ్ళెంలో పెట్టమంది మంగతాయారు. ఆయన పొద్దున బయల్దేరాడు. పిల్లులు పళ్ళెం ముందు కూర్చుని ఎదురుచూసి, ఆవలించి, నిద్రపోయి, లేచి, మళ్ళీ ఆవలించాయి. పొద్దు వాలేసరికి ఆయన సగం దూరం వచ్చి, ఆయాసం తీర్చుకుందామని ఆగి, మెత్తల్ని తనే నమిలేశాడు.

"తొందరేముందమ్మాయ్? నువ్వు తిరిగొచ్చేలోగా ఇంకోటి పట్టుకెళ్ళి పెట్టేస్తాగా!" అన్నాడు.

ఇలా గడపలన్నీ తిరిగి మంగతాయారు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నక్క చిదంబరం కూర్చునున్నాడు. తల వంచి, చేతులు కట్టుకుని, తోక పక్కన పొందిగ్గా సర్దుకుని కూర్చున్నాడు. నక్క వినయాలంటే ఏమిటో తెలియనివాళ్ళు అప్పుడు చూసి ఉండాల్సింది.

"అక్కయ్యా, నువ్వు పిల్లుల కోసం గడపగడపా తిరుగుతున్నావని విన్నాను. నేనుండగా నీకీ తిప్పలేమిటి?"

"నీకు పిల్లుల అలవాటుందా తమ్ముడూ?"

"ఎంత మాటన్నావు! మా అమ్మమ్మ పిల్లే."

మంగతాయారు కాసేపు ఆలోచించింది. "నక్కకి అమ్మమ్మ పిల్లెలా అవుతుంది?"

"పెంపకం" అన్నాడు చిదంబరం కళ్ళొత్తుకుంటూ.

"అలాగా. మరి ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వేం తింటావు?"

"నా తిండికేముంది! పొద్దున తులసాకు, సాయంత్రం తులసాకు."

"మధ్యాహ్నం?"

"మధ్యాహ్నాలు ఉపవాసం" అన్నాడు. అంటున్నంతసేపూ వాడి కళ్ళు ఉట్టి మీదే ఉన్నాయి.

ఆవకాయ మంగతాయారు చెవి దగ్గరికెక్కి గుసగుసలాడింది. "అమ్మా, వీడు మా వంక చూడ్డం లేదు. బుట్ట వంక చూస్తున్నాడు. గుటకలు కూడా మింగుతున్నాడు."

"అంత దూరం నుంచి నడిచొచ్చాడు, గొంతు తడారిపోయుంటుంది. తప్పు, అలా అనకూడదు" అంది మంగతాయారు. ఆవిడ మనసు మెత్తన. బుర్ర ఇంకాస్త మెత్తన.

మర్నాడు పొద్దున్నే మంగతాయారు కొమ్ములకి బంతిపూలు చుట్టుకుని ప్రయాణమైంది. చిదంబరం ఉట్టి కింద చాప వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ వాకిలి దాటబోతుండగా మీగడకి దుఃఖం ఆగలేదు. "అమ్మా!" అంటూ పరిగెత్తుకొచ్చి సరిగ్గా కాళ్ళ ముందు అడ్డం నిలబడింది.

మంగతాయారు గతుక్కుమంది. "ఎదురొచ్చావేమే తల్లీ! ప్రయాణానికి పిల్లి ఎదురుకావచ్చా?"

శకునాల విషయంలో ఆవిడకి మహా పట్టింపు. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. మనిషికైతే ఇది చిటికెలో పని. గేదెకలా కాదు. నాలుగు కాళ్ళు కడుక్కోవాలి. మంచినీళ్ళంటే తొట్టెడు. కూర్చుందంటే నెమరు మొదలవుతుంది, మొదలైన నెమరు మధ్యలో ఆగదు. అదంతా అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. తొట్టి ఖాళీ అయింది కాబట్టి చిదంబరమే కాలవ నుంచి నీళ్ళు మోసి నింపాడు. వాడి కడుపులో పేగులు గోల పెడుతున్నాయి.

మంగతాయారు మళ్ళీ బయల్దేరింది. ఈసారి ఆవకాయ ఎదురొచ్చింది. ఇది బెంగ కాదు, పట్టుదల. కావాలనే వచ్చి, దారి మధ్యలో కూర్చుని, తీరిగ్గా మూతి తుడుచుకుంది. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ తొట్టి, మళ్ళీ నెమరు. ఆ తరవాత మీగడకి కూడా విషయం అర్థమైంది. ఇక రెండూ వంతులేసుకున్నాయి. చిదంబరానికి నీళ్ళు మొయ్యడంతోనే సరిపోతోంది.

"అక్కయ్యా, పోనీ పిల్లుల్ని గుంజకి కట్టేద్దామా?" అన్నాడు రొప్పుతూ.

"నా పిల్లుల్నా?" అని మంగతాయారు కొమ్ములు వంచి చూసింది.

"అబ్బే, ఊరికే అన్నాను."

ఆవిడ వెళ్తే గానీ బుట్ట దిగదు. బుట్ట దిగితే గానీ వాడి ప్రాణం నిలబడదు. ఆకలి బాగా ముదిరాక తెలివి ఎటు పడితే అటు పోతుంది. చిదంబరం తెలివి తిన్నగా వాడి తోక మీదికి పోయింది.

"అక్కయ్యా! మనం ఎంత వెర్రివాళ్ళం! లోకంలో ఎవరికైనా కలిసొస్తే ఏమంటారు?"

"ఏమంటారు?"

"నక్క తోక తొక్కావంటారా లేదా?"

"అంటారు."

"మరి నేనెవర్ని?"

మంగతాయారు వాణ్ణి తల నుంచి కిందిదాకా చూసింది. "నక్కవి."

"మరి ఇదేమిటి?"

"తోక."

"ఇంకేం మరి! ఒక్కసారి దీన్ని ఇలా తొక్కి, అలా వెళ్ళిపో. ఆ తరవాత పిల్లులు బారులు తీరి వచ్చినా నిన్నేం చెయ్యలేవు" అని చిదంబరం వాకిట్లో బోర్లా పడుకుని, తోక గడపకి అడ్డంగా పరిచాడు.

"నొప్పెడుతుందేమో తమ్ముడూ."

"నీ సుఖం కన్నానా! మెల్లిగా, కొసన, అలా తగిలీ తగలనట్టు తొక్కు చాలు."

మంగతాయారు భక్తిగా కళ్ళు మూసుకుని కాలు మోపింది. ఆవిడ లెక్కలో అది తగిలీ తగలనట్టే. చిదంబరం నోట్లోంచి వచ్చిన కేకకి కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. అదే క్షణాన మీగడ అటు నుంచీ, ఆవకాయ ఇటు నుంచీ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాయి.

"అయ్యో, రెండూ ఎదురొచ్చాయే!" అంది మంగతాయారు.

"పరవాలేదు! నా తోక తొక్కావుగా, వెళ్ళిపో అక్కయ్యా, కాలు తియ్యి!"

"తొక్కడం పూర్తయ్యాక వచ్చాయా, మధ్యలో వచ్చాయా? మధ్యలో వస్తే ఎలాగో మా అమ్మ చెప్పలేదు. ఎందుకైనా మంచిది, కాసేపు కూర్చుంటాను."

కూర్చుంది. వాకిట్లో ఉన్నది వాకిట్లోనే, తోక మీదే కూర్చుంది. నెమరు మొదలైంది.

"తమ్ముడూ, కాసిని మంచినీళ్ళు అందుకో."

"ఎలా అందుకోను! నువ్వు నా తోక మీద కూర్చున్నావు!"

"అలాగా? మరి చెప్పవేం! కూర్చుంటే తొక్కినదానికంటే ఎక్కువ కలిసొస్తుందేమో, ఉండు" అని మంగతాయారు ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.

తల ప్రాణం తోకకి రావడమని ఊరికే అంటుంటాం. చిదంబరం విషయంలో అది అక్షరాలా జరిగింది. వాడు కాసేపు మూలిగాడు, కాసేపు బతిమాలాడు, చివరికి బోరుమన్నాడు.

"నాకు మెత్తళ్ళూ వద్దు, బుట్టా వద్దు! బుద్ధి గడ్డి తిని వచ్చాను. నువ్వలా వెళ్ళగానే బుట్ట ఎత్తుకుపోదామనుకున్నాను. నీ పిల్లులకి ఒక్కటి కూడా పెట్టేవాణ్ణి కాదు. లెగు అక్కయ్యా, నీకు పుణ్యముంటుంది!"

మంగతాయారు నెమరు ఆగిపోయింది. మొదలైన నెమరు మధ్యలో ఆగడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. బుట్ట కింద తన పిల్లులు నోళ్ళు తెరుచుకుని కూర్చుని ఉండటం ఆవిడ కళ్ళకి కట్టింది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది. మెల్లిగా లేచి నిలబడింది.

"ఆకలేస్తోందని చెబితే నేనే పెట్టేదాన్ని కదా తమ్ముడూ" అంది ముక్కు ఎగబీలుస్తూ. "వచ్చిన రోజే కడుపు నిండా పెట్టేదాన్ని. తులసాకులని ఎందుకు చెప్పావు?"

అడిగి తినొచ్చన్న ఆలోచన చిదంబరానికి ఆ రోజు దాకా రాలేదు.

"పోనీ, ఇప్పుడు పెట్టు అక్కయ్యా" అన్నాడు ఆశగా.

"ఇప్పుడెలా? ఇవి పిల్లుల దారి ఖర్చుకి" అని మంగతాయారు ఉట్టి మీది బుట్టని కొమ్ముకి తగిలించుకుంది.

ఎందుకంటే అప్పటికే మీగడా ఆవకాయా ఆవిడ వీపెక్కి కూర్చున్నాయి. "వీపు మీదున్న పిల్లి ఎదురెలా వస్తుందమ్మా?" అని అడిగింది ఆవకాయ. మంగతాయారు ఆ మాటని అటు తిప్పి, ఇటు తిప్పి, బాగా నమిలి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

అలా ముగ్గురూ కొల్లేరు చేరారు. పిల్లులకి నీళ్ళంటే చచ్చేంత భయం కాబట్టి చెరో కొమ్ము మీదికి పాకాయి. మంగతాయారు మెడ దాకా మునిగింది. ముందు సగమూ వెనక సగమూ ఒకేసారి చల్లబడ్డాయి. ఆవిడ కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అంది. కొంగలు వచ్చి, నీళ్ళ మీద తేలుతున్న ఆ రెండు పిల్లుల్నీ చూసి చాలాసేపు తగువులాడుకున్నాయి.

చిదంబరం తోక ముడుచుకుని పారిపోదామనుకున్నాడు. కానీ అది అప్పడంలా అణిగిపోయి, ముడుద్దామంటే ముడుచుకోలేదు. అలాగే వెనకాల చాపలా ఈడ్చుకుంటూ పోయాడు. ఆ సంగతి ఊరంతా పాకింది. ఇప్పటికీ ఆ గట్టు మీద ఎవరైనా ఎవరినైనా "నక్క తోక తొక్కావురా" అని మెచ్చుకుంటే, పొదల్లోంచి సన్నగా మూలుగు వినిపిస్తుందట.

నీతి: పిల్లుల్ని ఎవరికైనా అప్పగించి ఊరెళ్ళేముందు వాళ్ళకి కడుపు నిండా భోజనం పెట్టండి, ఆ తరవాత కూడా "నేను చూసుకుంటా" అంటే అప్పుడు అప్పగించండి.