తాండ్ర చాప, సూర్యుడి గాలి

అనగనగా ఒక కొండ మీద ఒక లెక్కల ఇల్లు ఉండేదిట, బంగారం. ఎక్కడో దూరాన చుక్కలు పగిలినప్పుడు పొడి రేగి మన మీదికి వస్తుందిట. కంటికి కనపడదు. కాస్మిక్ కిరణాలంటారు దాన్ని. ఆ ఇంట్లో ఒక యంత్రం ఉండేది. పొడి తగిలినప్పుడల్లా పోపులో ఆవాలు చిట్లినట్టు చిటుక్కుమని లెక్కపెట్టేది.

ఆ యంత్రాన్ని చూసుకునే పిల్ల పేరు వకుళ. తల్లి తాయారమ్మతో ఆ పక్క గదిలోనే కాపురం. యంత్రం పైకప్పు ఖాళీగా ఉంచమని, ఆ యంత్రం పెట్టించిన పట్నం పెద్దసారు మరీ మరీ చెప్పి వెళ్ళారు. కానీ ఆ కొండ మీద చెట్ల నీడ పడని చోటు ఆ కప్పొక్కటే. తాయారమ్మ ఊరుకుంటుందా? ముందు వడియాలు పెట్టింది. ఆ తర్వాత చల్ల మిరపకాయలు పోసింది. ఆ తర్వాత మామిడి తాండ్ర చాప పరిచింది. వకుళ కూడా తినే మనిషే కదా, చూసీ చూడనట్టు ఊరుకుంది.

మర్నాడు పొద్దున్నే చిటపటలు తగ్గిపోయాయి. యంత్రం పాడైందని వకుళ హడలిపోయింది. యంత్రం పాడైతే ఆ ఇంటికి తాళం వేసేస్తారు. అప్పుడు తల్లిని తీసుకుని ఎక్కడికి పోతుంది పాపం?

"అమ్మా, నీ వడియాలు కొంప ముంచాయే!" అంటూ మెట్లెక్కి వడియాలు తీసేసింది. చిటపట పెరగలేదు. అప్పుడు మిరపకాయలు ఎత్తేసింది. ఊహూఁ, పెరగలేదు. అప్పుడు తాండ్ర మీద చెయ్యి వేసింది.

"ఇంకొక్క ఎండ తగిలితే చాలే తల్లీ" అని తాయారమ్మ బతిమాలింది. వకుళ ఏడుస్తూనే చాప చుట్టేసింది. అయినా పెరగలేదు.

ఆ తర్వాత ఇక దాచలేక పెద్దసారుకి ఫోన్ చేసింది. "సార్, తప్పు నాదే. కప్పు మీద తాండ్ర పెట్టనిచ్చాను. యంత్రం పాడైపోయింది."

ఆయన పకపకా నవ్వారు. "మీ తాండ్రకి అంత బలమెక్కడిదమ్మా! ఇక్కడి యంత్రంలోనూ తగ్గింది, సముద్రం అవతలి యంత్రాల్లోనూ తగ్గింది. సూర్యుడు ఎండే కాదు, గాలి కూడా విసురుతాడు. మొన్న మొహం నిండా మచ్చలతో ఉగ్రంగా విసిరాడు. ఆ గాలే పొడిని దూరంగా తోసేసింది. గాలి నెమ్మదిస్తే మళ్ళీ వస్తుంది చూడు. నీ యంత్రం నిక్షేపంలా ఉంది."

వకుళ "అమ్మయ్య!" అని అక్కడే చతికిలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. తాయారమ్మ మాత్రం ఫోన్ లాక్కుంది.

"అయితే సారూ, తాండ్ర మళ్ళీ పరుచుకోవచ్చా?"

"కప్పు మీద వద్దమ్మా! చెట్లని దాటేలా ఎత్తుగా మంచె వేయిస్తాను. నాకో ముక్క దాచండి, చాలు."

నాలుగు రోజులకి గాలి నెమ్మదించింది. యంత్రంలో ఆవాలు మళ్ళీ చిటపటలాడాయి. వకుళని అంతగా హడలగొట్టిన ఆ సూర్యుడే, కొత్త మంచె మీద తాండ్రని కమ్మగా ఎండబెట్టాడు.

సూర్యుడి గాలి చుక్కల్లోకి, తాండ్ర ముక్క బుగ్గల్లోకి, కథ కంచి వీధుల్లోకి, మనం దుప్పట్లోకి!