సాయవ్వ అల్లిన మేజోళ్ళు

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా తల్లి ఒడిలో ఆడుకునే కాలంలో, మూడు గుట్టల పక్కన ఒక కురుమల గూడెం ఉండేది. ఆ గూడెంలో మనుషుల కంటే గొర్రెలెక్కువ. చలికాలం పొద్దున పొయ్యి ముందు కూర్చున్నా పళ్ళు టకటకలాడేవి. ఏ ఇంటి ముందు చూసినా ఆడవాళ్ళు ఉన్ని ఏకుతూనో, వడుకుతూనో ఉండేవాళ్ళు.

ఆ గూడేనికి సాయవ్వ కోడలుగా వచ్చింది. అందంలో చెప్పుకోదగ్గది కాదు, మాటల్లో అంతకన్నా కాదు. ఆమెకు వచ్చిన విద్య ఒక్కటే. రెండు వెదురు పుల్లలతో ఉన్ని మేజోళ్ళు అల్లడం వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది.

సాయవ్వ మామ పేరు ఓదెలు. ఒకప్పుడు మంద ముందు నడిచిన మనిషి. బండల సందులో ఇరుక్కున్న గొర్రెపిల్లను లాగబోతే రాయి దొర్లి కుడికాలి మీద పడింది. మూడు వేళ్ళు పోయాయి. పుండు మానింది గానీ, మానిన చోట తోలు ఉల్లిపొర లాగా పలచన. నాలుగడుగులు వేస్తే నెత్తురొచ్చేది. చెప్పు నిలవదు, గుడ్డ చుడితే జారిపోతుంది. మంద బాధ్యత కొడుకు కొమ్మయ్యకు, అంటే సాయవ్వ పెనిమిటికి, అప్పగించి, ఓదెలు అరుగు మీద కూర్చున్నాడు. నొప్పి అని ఎవరితోనూ అనలేదు. అసలు మాట్లాడటమే తగ్గించాడు.

అట్లా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు వాగు కూడా ఎండింది. గొర్రెలు నాలుక బయటపెట్టి నిలబడేవి. మూడు గుట్టల అవతల ఎప్పుడూ ఎండని మడుగు ఒకటుంది. దాని దారి తెలిసినవాడు ఓదెలు ఒక్కడే.

"దారి చెప్పు నాయినా, నేను తోల్కపోత" అన్నాడు కొమ్మయ్య.

"అది నోటితో చెప్పే దారి కాదు కొడుకా. ఆ రాళ్ళను చూస్తెనే నాకు యాదికొస్తది" అన్నాడు ఓదెలు.

ఆయన్ని ఎత్తుకుపోదామంటే, ఆ దారిలోని బండల సందుల్లో ఒక్క మనిషి పక్కకు తిరిగి దూరితే గొప్ప.

అటక మీది ఉన్ని దించి సాయవ్వ పుల్లలు పట్టింది.

ఆ రోజుల్లో కోడలు మామ ఎదుట నిలబడకూడదు. తలమీద కొంగు దించి, తలుపు చాటు నుంచే మాట్లాడాలి. మరి కాలి కొలత ఎట్లా? వాకిట్లో బూడిద చల్లింది. ఓదెలు నడిచిపోయాక ఆ అడుగు మీద దారం పెట్టి కొలిచింది. మూడు రోజుల్లో జోడు అల్లింది. ఓదెలు తొడుక్కుని దొడ్డి దాకా నడిచేసరికి మేజోడు వదులై మడతలు పడింది. మడత కింద తోలు లేచింది. బూడిదలో అడుగు జారి పెద్దదైందని సాయవ్వకు అప్పుడు అర్థమైంది. విప్పింది, ఉండ చుట్టింది, మళ్ళీ అల్లింది.

ఈసారి అత్త గట్టవ్వ కొలత తెచ్చింది, పండుకున్న మనిషి కాలికి దారం చుట్టి. ఆ జోడు పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి పాదం ఉబ్బి బిగుసుకుంది. సాయంత్రం తీస్తే మేజోడుకు నెత్తురు. విప్పింది, కడిగింది, ఉండ చుట్టింది.

"ఇగ చాలు బిడ్డా" అన్నది గట్టవ్వ. "ఆ కాలుకు ఏదీ పట్టదు."

"కాలుది తప్పు లేదత్తా. నేనింకా ఆ కాలును చూడనే లేదు" అన్నది సాయవ్వ.

అప్పటికే మందలో మూడు గొర్రెలు పడిపోయాయి. ఆ సాయంత్రం సాయవ్వ తలుపు చాటు నుంచి బయటకు వచ్చింది. నేరుగా వెళ్ళి మామ ఎదుట నేల మీద కూర్చుంది. ఓదెలు గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు బిడ్డా. కోడలు మామ కాలు పట్టుకుంటే ఊరు ఏమంటది?"

"గొర్రెలన్నీ సచ్చినంక ఊరు ఏమంటది మామా?"

ఓదెలు పంచె అంచు కాలి మీదికి లాక్కున్నాడు.

"నీ కడుపున పుట్టిన బిడ్డనైతే చూపకపోదువా?" అన్నది సాయవ్వ, గొంతు తగ్గించి.

ఆయన కాలు చాపాడు. సాయవ్వ దాన్ని ఒడిలో పెట్టుకుంది. బెరడులాగా గరుకైన మడమ. వేళ్ళు పోయిన చోట గుంట. కళ్ళు మూసుకుని బొటనవేలితో మెల్లగా తడిమింది.

"ఈడ నొస్తున్నదా?"

"లేదు."

"ఈడ?"

"లేదు."

"మామా, నువ్వు చెప్పకపోతే నా పుల్లలకు ఎట్ల తెలుస్తది? ఈడ?"

ఓదెలు పాదం అదిరింది. తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఆడ, బిడ్డా. ఆడనే. నిప్పు పెట్టినట్టుంటది."

గడప లోపల గట్టవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన నొప్పి అని చెప్పగా వినడం ఆమెకు అదే మొదలు.

సాయవ్వ ఆయన్ని నిలబెట్టి కొలిచింది, నడిపించి కొలిచింది. గొర్రెపిల్ల మొదటి కోతలో వచ్చిన మెత్తటి ఉన్ని వడికింది. నొప్పి ఉన్న చోట ఒక్క ముడీ రాకుండా, గుంట ఉన్న చోట ఏకిన ఉన్ని కూరి, అల్లికలో కన్ను కన్నుకూ వేలు పెట్టి చూసుకుంటూ అల్లింది. ఆ జోడు మీద మెత్తటి తోలు చెప్పులు కట్టి, ఓదెలు మంద ముందు నిలబడ్డాడు. పుట్టి రెండు రోజులైనా కాని గొర్రెపిల్లను చంకన పెట్టుకుని సాయవ్వ మంద వెనక నడిచింది.

మొదటి గుట్ట ఎక్కారు. ఆమె కళ్ళు మామ కాలి మీదే. రెండో గుట్ట ఎక్కారు. ఆయన కుంటుతున్నాడు గానీ ఆగలేదు. మూడో గుట్ట దిగేసరికి గొర్రెలకు నీటి వాసన తగిలి పరుగు పెట్టాయి. మంద మొత్తం మూతులు ముంచి తాగుతుంటే, ఓదెలు బండ మీద కూర్చుని మేజోడు తీశాడు. లోపల నెత్తురు చుక్క లేదు.

"ఎట్లున్నది మామా?" అని అడిగింది సాయవ్వ.

"కాలున్నదన్న సంగతే మర్చిన బిడ్డా" అన్నాడు ఓదెలు.

వానలు పడేదాకా మంద అక్కడే బతికింది. ఆ తర్వాత ఓదెలు ఇంకో పన్నెండేళ్ళు మంద ముందు నడిచాడు. వయసుతో పాటు కాలూ మారుతుందని, ఏటా చలికి ముందు సాయవ్వ మళ్ళీ కొలిచేది. ఆనెలున్నవాళ్ళు, వంకర పాదాలవాళ్ళు, పగుళ్ళవాళ్ళు చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చేవారు. ఎవరొచ్చినా ఆమెది ఒకటే మాట: "ముందుగాల కాలు ఒళ్ళె పెట్టు." దారం ముక్క పంపి అల్లమంటే అల్లేది కాదు.

సాయవ్వ ముసలిదై నడివేసవిలో పోయింది. బండలు పెనంలా కాలుతున్న రోజు. ఆమెను సాగనంపడానికి ఏడు గూడేల జనం వచ్చారు. ఆ ఎండలో ఒక్కొక్కరి కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. కొన్ని కొత్తవి, కొన్ని మడమ దగ్గర అతుకులు పడ్డవి. తొడుక్కుని రమ్మని వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ గూడేల్లో గొర్రెలు తగ్గిపోయాయి. ఉన్ని వడికే చేతులూ తగ్గిపోయాయి. అయినా ఆ వైపు ఏదైనా సరిగ్గా అతికినట్టు కుదిరితే, "సాయవ్వ కొలత" అంటారు. కొత్త కోడలు గడప లోపలికి వచ్చాక తలుపు చాటున నిలబడదు. మామ ఎదుట కూర్చుని, ఆయన పాదం ఒడిలో పెట్టుకుని, దారంతో కొలుస్తుంది. కొందరు మామలు ఇప్పటికీ సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకుంటారు. అప్పుడు ఇంట్లో పెద్దామె ఎవరో ఒకరు అంటారు:

"ఎక్కడ నొస్తదో చెప్పయ్యా. పిల్ల అడుగుతున్నది."

ఆయన కాలు చాపుతాడు.