మగతను పేరు పెట్టి పంపిన కథ

ఊ కొడతారా మరి? కొడితేనే చెబుతా.

ఏనాటి మాటో! పాలవెల్లి రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఆ రోజుల్లో రాణి కనకాంగి కవ్వం చప్పుడుకే కోట నిద్ర లేచేది. ఎంత రాణైతేనేం, చల్ల తనే చిలికేది. ఆ చప్పుడు, ఆ పొద్దుటి చలి, వేలికొసన వెన్న... ఎంత బాగుండేవో ఆ పొద్దులు!

ఒకనాడు కవ్వం మోగలేదు. రాణి మంచం మీదే ఉంది. నిద్రా కాదు, మెలకువా కాదు. పిలిస్తే "ఊ" అంటుంది, లేవదు. ముద్ద మింగదు. రోజురోజుకీ చిక్కిపోతోంది.

దాది సూరమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినవాళ్ల దిష్టి..." ఊహూ, ఏదీ పోలేదు.

"పేరు పెట్టి పొమ్మంటేనే గదయ్యా పోయేది! దీని పేరు మనకెవరికీ తెలీదు. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు దీన్ని మన మీదికి వదిలాడు. పేరు వాడికే తెలుసు" అంది సూరమ్మ.

పెద్దవాడు వెళ్లాడు. మొదటి సముద్రం ఒడ్డున సద్ది తిని, అక్కడే తూలి నిద్రపోయాడు. రెండోవాడు వెళ్లాడు. రెండో సముద్రం ఒడ్డున తూలి నిద్రపోయాడు. చిన్నవాడు నీలకేతుడు వెళుతూ, దారిలో ఒక చీమకి బెల్లమ్ముక్క పెట్టాడు.

"నీ చెవిలో కూర్చుంటా. రెప్ప వాలిందా, కుడతా!" అంది చీమ.

అది కుట్టగా కుట్టగా, పడవ మీద ఏడు సముద్రాలూ దాటాడు.

"వచ్చావా బుల్లి రాజా!" అన్నాడు మాంత్రికుడు. "మూడు పూటలు రెప్ప వాల్చకుండా కూర్చో, పేరు చెబుతా. వాల్చావో, రాయైపోతావు."

మొదటి పూట వీణ వాయించాడు. చీమ కుట్టింది. రెండో పూట గడ్డపెరుగన్నం పెట్టాడు. చీమ కుట్టింది. మూడో పూట జోల పాడాడు. అది కనకాంగి పాడే జోలే! చీమ ఎంత కుట్టినా నీలకేతుడికి తెలియలేదు. కానీ అమ్మ గొంతు గుర్తొచ్చి కళ్లనిండా నీళ్లొచ్చాయి. తడి కంట్లో నిద్ర ఎక్కడ నిలుస్తుంది?

పాడీ పాడీ మాంత్రికుడే తూగాడు. వాడి పక్కనే పంజరంలో ఒక చిలక. వాడి ప్రాణం దాన్లోనే ఉంది గదా, చిలకా తూగింది. నీలకేతుడు గబుక్కున చిలకని పట్టుకున్నాడు.

"మెడ నులమకు నాయనా!" అని అరిచింది చిలక.

"నీ ప్రాణం నాకెందుకే? ఆ పేరు చెప్పు చాలు."

"మగత" అంది చిలక, ఆవులిస్తూ.

చిలకని వదిలేసి, "మగతా, పో" అంటూ దారిలో అన్నలనీ లేపుకుని ఇంటికొచ్చాడు. సూరమ్మ మళ్లీ ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. "మగతా, మా రాణమ్మ కళ్లు విడిచిపో!" పొయ్యిలో మిరపకాయలు చిటపటమన్నాయి. రాణి లేచి కూర్చుంది.

"ఇంత పొద్దెక్కినా ఎవరూ లేపరేమర్రా!"

అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే పందిట్లో పెళ్లిళ్లయ్యాయి. నీలకేతుడు చాలా కాలం చల్లగా ఏలాడు.

మగతే పాపం, ఇల్లు లేనిదైపోయింది. అందుకే అన్నాలయ్యాక, ఎవరి కళ్లయినా ఖాళీగా కనిపిస్తే వచ్చి కాసేపు వాలుతుంది. వాలనివ్వండి నాయనా. పేరు తెలిసిన చుట్టమేగా, పొమ్మంటే పోతుంది.