మడత పుట్టి

ఏటిగడ్డ ఊళ్లో ఓ ఆచారం ఉండేది. కొత్త వస్తువు తలపెట్టినవాళ్లు దాన్ని సగం పనిలోనే సంతరోజు రేవుకు తెచ్చి, పదిమందికీ చూపించి లోపాలు చెప్పించుకునేవాళ్లు. తలపెట్టినవాళ్లే దాన్ని ముందు వాడి చూపాలి.

దివాను వీరభూపతి కూడా అక్కడికి వచ్చి కూర్చోవడం మొదలెట్టాక అందరికీ గుబులు పట్టుకుంది. నచ్చినదల్లా "ఇది నా ఆలోచనే" అంటూ లాగేసుకునేవాడు.

ఆ వారం మేదరి గవరమ్మ ఏరు దాటే పుట్టి తెచ్చింది. మడిచి భుజాన వేసుకుపోవచ్చు. చూపించకపోతే లోపం తెలియదు, చూపిస్తే పుట్టి దక్కదు. చివరికి విప్పి చూపించింది.

"ఇది నేను పోయినేడే అనుకున్నాను," అన్నాడు దివాను.

గవరమ్మ పోటెత్తిన ఏటివైపు చూసింది.

"అయితే ఆచారం ప్రకారం తమరే ముందు ఎక్కాలి దొరా. లోపలికి నీళ్లొస్తున్నాయి. ఎక్కణ్నుంచో నాకింకా అంతుపట్టలేదు."

జనమంతా దివానుకు దారిచ్చారు. ఆయన సుడులు తిరిగే నీళ్లను చూసి వెనక్కి తగ్గాడు.

"ఛీ! ఈ చిల్లుల బుట్ట నాదేంటి? నీదే!"

"అందరూ విన్నారుగా! నాదే కనక నేనే ఎక్కుతా. నీళ్లెక్కడ ఊరుతున్నాయో చూసి చెప్పండి," అంటూ గవరమ్మ నడుముకు తాడు కట్టుకుంది.

తాడు కొస ఊరివాళ్ల చేతికిచ్చింది. సాయం పడతానంటూ చెయ్యి చాచిన దివానుకు మాత్రం ఇవ్వలేదు.