చచ్చిన ఎద్దు కట్టాల్సిన పన్ను

నల్లగుట్ట అడవిలో సింహంగారి రాజ్యం నడిచే రోజుల్లో ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఒళ్లు వంచి పనిచేసి ముసలివైన జంతువులకు నెలనెలా పింఛను గడ్డి వచ్చేది. దానికి ఒకటే షరతు. ఏటా కార్తీకంలో కచేరీకి వెళ్లి, బతికే ఉన్నామని గొంతెత్తి చాటి రావాలి. గాడిదైతే ఓండ్ర పెట్టాలి, ఎద్దైతే రంకె వెయ్యాలి. ఆ తర్వాత ఏడాదిదాకా అడిగేవాడు లేడు.

పుల్లన్న అనే ముసలి ఎద్దుకి ఆ పింఛనే ఆధారం. వయసంతా రాజుగారి బండి లాగి లాగి మెడ కాయలు కాచింది, పళ్లు అరిగాయి, కోపం మాత్రం అరగలేదు. ఊరికే పడుకోవడం చేతగాక పొద్దున పూట ఎలుగుబంటి గానుగ చుట్టూ తిరిగి, కూలి కింద తెలగపిండి తెచ్చుకునేవాడు. వాకిట్లో గడ్డివామి, గూట్లో తెలగపిండి. వచ్చే వేసవికి దిగుల్లేదని నెమరేస్తూ కూర్చున్నాడు.

అంతలో కాకి వచ్చి వాలింది.

"పెద్దయ్యా, కచేరీ నుంచి నోటీసు. పింఛను మీద పన్ను బాకీ పడ్డావంట. ఉగాదిలోగా కట్టకపోతే నీ వామి పట్టుకుపోతారంట."

"పింఛను మీద పన్నేమిటే? నా ముసలి మొహానికి పన్నా?"

"నన్నంటావేం? మోసుకొచ్చేదాన్ని, రాసేదాన్ని కాదు."

"మోసుకొచ్చే మొహం అంత సంతోషంగా ఉందేం? ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా!" అని పుల్లన్న కొమ్ము విసిరాడు. కాకి ఎగిరిపోయింది. నోటీసు మాత్రం అక్కడే ఉంది.

పుల్లన్న కోపంలోనూ కొంత న్యాయం ఉంది. బండి లాగేటప్పుడు కూలి గడ్డి మోపు ఇంటికి రాకముందే పన్ను కింద పదోపాలు తీసి కరువు వామిలో వేసేవారు. ఎండాకాలంలో ఏరు ఎండితే అడవిలోని పశువులన్నీ ఆ వామినే నమ్ముకునేవి. కోత కంటపడేది కాదు గనక నొప్పి తెలిసేది కాదు. పింఛను మోపులు మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకుండా నిండుగా వచ్చాయి. నిండుగా వచ్చాయి గనక నిండా తనవేననుకున్నాడు. పాపం, ఎవరైనా అలాగే అనుకుంటారు.

రుసరుసలాడుతూ కచేరీకి వెళ్లాడు. అక్కడ గుమస్తా తాబేలు. అతను మంచివాడే, కానీ ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కునుకు తీసి లేవచ్చు.

"పుల్లన్నగారూ... దయచేయండి. పింఛను ఒక్కటే అయితే... పన్ను పడేది కాదు..."

"మరి పడిందేం?"

"గానుగ కూలి... ఉంది కదా. రెండూ కలిపితే... హద్దు దాటింది..."

"దాటితే నాకు ముందే చెప్పాలా వద్దా?"

"చెప్పాలి... తప్పే. అయితే బాకీకి... ఒక..."

"ఒక?"

తాబేలు గొంతు సవరించుకోవడానికి మెడ లోపలికి లాక్కున్నాడు. ఆ మెడ మళ్లీ బయటికి వచ్చేదాకా ఆగే ఓపిక పుల్లన్నకి లేదు. "నీ ఒకటీ వద్దు, రెండూ వద్దు! నువ్వు చెప్పేలోగా నాకు చావే వచ్చేట్టుంది!" అని బయటికొచ్చేశాడు.

ఆ చివరి మాట కచేరీ అరుగు కింద పడుకున్న నక్క జంబయ్య చెవిన పడింది.

"మావా, మంచి మాటన్నావు. చచ్చిపో."

"నోటికి అడ్డూ అదుపూ లేదురా నీకు?"

"నిజంగా కాదులే. ఏటి గట్టు కింద తుమ్మపొదలో పడుకో. పోయావని కచేరీలో నేను చెబుతా. చచ్చినోణ్ణి పన్నెవరు అడుగుతారు? పైగా వారసుడికి దినాల గడ్డి ఇస్తారు. అది తెచ్చి నీకే పెడతా. నాకెందుకు, గడ్డి తినే జాతా నాది?"

అదీ నిజమేననిపించింది పుల్లన్నకి. కానీ ఆ గడ్డి ఊళ్లోకి వెళ్లొచ్చే గాడిదకిచ్చి, దాని దగ్గర కోళ్ల గూటి దారి తెలుసుకోవాలన్నది జంబయ్య ఎత్తు.

ఇక తుమ్మపొదలో పుల్లన్న పాట్లు చూడాలి. మెడ తిప్పితే ముల్లు, తోక ఆడిస్తే ముల్లు. ఆకలి. గానుగకి వెళ్లడానికి లేదు, చచ్చిన ఎద్దు గానుగ తిప్పదు కదా. గడ్డి తెస్తానన్న నక్క జాడ లేదు. చివరికి కాకి వచ్చి కొమ్మ మీద వాలి, కిందికి చూసి అదిరిపడింది.

"పెద్దయ్యా! నువ్వు పోయావని పింఛను ఆపేశారే! జంబయ్య దినాల గడ్డి కోసం కచేరీలో కూర్చుని ఏడుస్తున్నాడే!"

"పింఛను ఆపేశారా?"

"చచ్చినోళ్లకి పింఛనెవరిస్తారు?"

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పన్ను తప్పించుకోబోయి పింఛనే పోగొట్టుకున్నాడు. పుల్లన్న ముళ్లతో సహా లేచి కచేరీకి పరిగెత్తాడు.

లోపల కచేరీ పెద్ద ఏనుగమ్మ అడుగుతోంది. "నక్కవి, ఎద్దుకి మేనల్లుడివెలా అయ్యావురా?"

"వరసలు మనసులో ఉంటాయమ్మా. మావకి నేను తప్ప ఎవరున్నారు?" అని జంబయ్య కళ్లు తుడుచుకున్నాడు.

తాబేలు పత్రం జరిపాడు. "ఇక్కడ పంజా ముద్ర వేస్తే... గడ్డి నీదే. దాంతోపాటు..."

జంబయ్య ఆగలేదు. టపీమని ముద్ర వేశాడు.

"...దాంతోపాటు పోయినాయన పన్ను బాకీ కూడా... నీదే" అని తాబేలు ముగించాడు.

"నాదా!" జంబయ్య ఎగిరిపడ్డాడు. "ఆయన చావలేదమ్మా! తుమ్మపొదలో నెమరేస్తున్నాడు! ఒట్టు!"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో పుల్లన్న వేసిన రంకెకి కచేరీ కప్పు మీది ఎండుటాకులు రాలాయి. కార్తీకంలో వెయ్యాల్సిన రంకె ఆ ఏడు చాలా ముందే పడింది.

ఏనుగమ్మ ఇద్దరినీ చూసి నిట్టూర్చింది. "దొంగచావు చచ్చినందుకు నీకు కొంచెం జరిమానా, పుల్లన్నా. నీ పింఛను నీకు మళ్లీ వస్తుంది. బాకీ సంగతేం చేద్దాం, గుమస్తాగారూ?"

"అదే ఆ రోజు... చెబుతున్నాను. బాకీకి ఒక దారి ఉంది. ఒక్కసారే కట్టక్కర్లేదు. నెలనెలా మోపులో... కాస్త కాస్త మినహాయించుకుంటాం. వామి జోలికి రాం."

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదయ్యా!"

"చెబుతుండగానే... మీరు వెళ్లిపోయారు."

పుల్లన్నకి సిగ్గేసింది. ఒంటి నిండా ముళ్లు కూడా ఉన్నాయి.

జంబయ్యకి శిక్ష తేలిగ్గానే పడింది. పుల్లన్న బాకీ తీరేదాకా, మినహాయించిన గడ్డి కరువు వామికి మొయ్యాలి. మూలిగే నక్క మీద తాటిపండు పడిందంటారు. ఈ నక్క చెట్టెక్కి మరీ నెత్తిన వేసుకుంది. తినడానికి పనికిరాని గడ్డి వీపున వేసుకుని గుట్ట ఎక్కుతుంటే, గాడిద కూడా ఆగి చూసి నవ్వింది.

"మెల్లిగా పోరా అల్లుడూ!" అని పుల్లన్న వెనక నుంచి కసిరేవాడు. "దారిలో పరక రాలినా నా బాకీ తరగదు!"

నీతి: బాకీ ఉన్నవాడు దాక్కుంటే బాకీ పెరుగుతుంది, ఎదురు నిలిచి మాట చివరిదాకా వింటే దారి దొరుకుతుంది.